పొద్దుండగానే బండి ఆపాలి

సాయంత్రం ఐదింటికి కృష్ణగిరి టోల్‌గేటు దాటి రోడ్డు పక్కన ఒకసారి నిలబడి చూడండి. కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి, చెన్నై వైపు చీలే 48, తిరువణ్ణామలై మీదుగా తిండివనం పోయే 77 ఆ ఊరి దగ్గరే కలుస్తాయి. లారీలు వరసగా ఆగి ఉంటాయి. ఒక డ్రైవరు బండి పక్కనున్న పెట్టె తలుపు తీసి స్టవ్వు బయట పెడతాడు. క్లీనరు కుర్రాడు క్యానుతో నీళ్లు పట్టుకొస్తాడు. గంట తిరక్కుండా అన్నం, చారు అయిపోతాయి. గిన్నెలు కడిగి బోర్లిస్తారు. తువాలు తాడు మీద ఆరేస్తారు. కుర్రాడు బండి చుట్టూ తిరిగి ఒక్కొక్క టైరునూ కొట్టి చప్పుడు వింటాడు. ఆ తర్వాతే నడుం వాలుస్తారు.

మోటార్‌హోమ్ తీసుకుని పరదేశం తిరగాలని ఉందంటూ నా దగ్గరికి వచ్చే హోసూరు వాళ్లకు నేను మొదట చూపించేది ఈ లారీలనే. న్యూజిలాండ్ ఫోటోలు, అమెరికా వీడియోలు తర్వాత చూసుకోవచ్చు. మోటార్‌హోమ్‌ను బండి అనుకుని వెళ్లినవాళ్లు అలిసిపోయి తిరిగొస్తారు. దాన్ని ఇల్లుగా లెక్కేసుకున్నవాళ్లు సుఖంగా తిరిగొస్తారు. ఇల్లన్నాక నీళ్లు నింపాలి, మురుగు పారబోయాలి, వండాలి, పక్కలు వేయాలి, పొద్దున్నే మళ్లీ అన్నీ సర్ది గ్యాసు కట్టేయాలి. నా అనుభవంలో ఈ పనులకు రోజుకు మూడు గంటలు పడుతుంది. ఆ మూడు గంటల్ని ప్రయాణపు లెక్కలోంచి ముందే తీసేసినవాళ్లకు మిగతా రోజంతా హాయిగా గడుస్తుంది. లెక్కలో పెట్టనివాళ్లకు పొద్దుగూకాక, వానలో, తెలియని రోడ్డు మీద, ఆకలేసిన పిల్లలతో ఆ మూడు గంటలు ఎదురవుతాయి.

మన దారిలో డేరా వేసినవాళ్లు

పరదేశంలో ఇల్లు వెంటబెట్టుకుని తిరగడం మన ప్రాంతానికి కొత్త కాదు. 1792లో టిప్పు సుల్తాను బారామహల్‌ను కుంఫిణీకి వదులుకున్నాడు. కృష్ణగిరి, ధర్మపురి ఆ బారామహల్‌లోవే. అక్కడ శిస్తు ఏర్పాట్లు చేయడానికి కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ కింద థామస్ మన్రో వచ్చాడు. స్కాట్లాండ్‌లో పుట్టినవాడికి మన ఊళ్లు పరదేశమే కదా. 1799 దాకా, ఏడేళ్లు, ఊరూరూ డేరా వేసుకుంటూ, రైతులతో కూర్చుని పొలాల లెక్కలు రాసుకుంటూ తిరిగాడు. మన భాషలు నేర్చుకున్నాడు. అదే మనిషి తర్వాత మద్రాసు గవర్నరై, పర్యటనలో ఉండగానే, 1827 జూలై 6న కర్నూలు సీమలోని పత్తికొండలో కలరాతో చనిపోయాడు. కలరా నీళ్ల వల్ల వస్తుందని లండన్‌లో జాన్ స్నో చూపించింది 1854లో. గవర్నరుకు గుడారం ఉంది, గుర్రాలున్నాయి, పరివారం ఉంది. నీటి నుంచి మాత్రం రక్షణ లేదు.

మన్రో చనిపోయిన మూడేళ్లకు, 1830 మే 18న, మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. ఆయన రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. అందులో నాకు అన్నిటికన్నా విలువైనవి గుళ్ల వర్ణనలు కావు. ఈ మజిలీలో నీళ్లు బాగున్నాయా, అంగళ్లున్నాయా, దిగడానికి చోటుందా, ముందున్న దారి ఇసుకా రాళ్లా అని ఆయన ఊరూరా రాసిపెట్టిన వివరాలు విలువైనవి. మోటార్‌హోమ్ యాత్రికుడికి రోజూ కావలసింది ఆ నాలుగే: నీళ్లు, అంగడి, దిగే చోటు, ముందున్న దారి.

మిద్దె మీద ముగ్గుగీత

టికెట్లు కొనకముందే ఒక పరీక్ష చేయండి. దానికి ఖర్చేమీ లేదు. మీ మిద్దె మీద ముగ్గుపిండితో 7 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు గీత గీయండి. నలుగురు పడుకునే మోటార్‌హోమ్ ఇంచుమించు అంతే ఉంటుంది. అందులో ముందు రెండు మీటర్లు డ్రైవరు సీటుకూ ఇంజనుకూ పోతాయి. మిగిలిన చోట వంటగట్టు, బల్ల, పడకలు, మరుగుదొడ్డి ఎక్కడెక్కడ వస్తాయో పిల్లల చేత గీయించండి. తర్వాత ఇంట్లో ఒక గదిలో అంతే జాగా కేటాయించుకుని శని, ఆదివారాలు నలుగురూ అక్కడే ఉండండి. కుళాయి కట్టేయండి. డ్రమ్ముల్లో 80 లీటర్ల నీళ్లు పట్టుకోండి. ఒక రోజుకు వంటకూ, తాగడానికీ, గిన్నెలకూ, స్నానాలకూ అవే నీళ్లు.

షవరు కింద ఐదు నిమిషాలు నిలబడితే 40 లీటర్ల దాకా పోతాయి. ఇద్దరు స్నానం చేసేసరికి ట్యాంకు ఖాళీ. అదే సగం బకెట్, ఒక చెంబు అయితే 8 లీటర్లతో పని జరుగుతుంది. ఎండాకాలంలో నీళ్ల ట్యాంకరు కోసం ఎదురు చూసిన హోసూరు ఇల్లాలికి ఈ లెక్క ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆమెకు తెలిసినంత నీటి పొదుపు చల్లని దేశాల్లో పుట్టినవాళ్లకు కొత్తగా నేర్చుకోవలసిన విద్య. మన వాళ్లకు ఈ ప్రయాణంలో ఉన్న మొదటి బలం అదే.

రెండు రోజుల్లో ఇంట్లో గొడవ ఎక్కడ మొదలైందో గమనించండి. ఫోను ఛార్జరు దగ్గరా, తడి తువాలు దగ్గరా, గురక దగ్గరా? ఏది ఇక్కడ రేగిందో అదే అక్కడ పదింతలై రేగుతుంది. ఇక్కడే దానికి ఒక నియమం పెట్టుకుంటే మంచిది. మా ఇంట్లో తేలిన నియమం ఒకటి చెబుతాను: నిలబడి పనిచేసేది ఒక వేళకు ఒక్కరే. మిగతావాళ్లు కూర్చోవాలి, లేదా బయట ఉండాలి. ఇంత చిన్న నియమంతో సగం కసుర్లు ఆగిపోయాయి.

ఆ తర్వాత ఒక టెంపో ట్రావెలర్ అద్దెకు తీసుకుని, లైసెన్సుకు తగినదైతే మీరే నడుపుతూ, లేకపోతే అనుభవమున్న డ్రైవరు పక్కన కూర్చుని, సూలగిరి మీదుగా కృష్ణగిరి డ్యాము దాకా వెళ్లి రండి. దక్షిణ పినాకిని ఒడ్డున వండుకుని తినండి. వెడల్పు బండి వెనక్కి తీయడం, పక్క అద్దాల్లో మాత్రమే వెనక చూసుకోవడం, వంతెన కింద ఎత్తు లెక్క కట్టడం ఇక్కడే అలవాటవ్వాలి.

ఏ దేశం, ఏ కాగితం

మొదటిసారి వెళ్లేవాళ్లకు నా సలహా ఒక్కటే. ఎడమ పక్కన నడిపే దేశాన్ని ఎంచుకోండి. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, బ్రిటన్, ఐర్లాండ్ అలాంటివి. పెద్ద బండి, కొత్త రోడ్డు, కొత్త గుర్తులు, ఇవన్నీ ఒకేసారి నేర్చుకుంటున్నప్పుడు పక్క మారడం కూడా జత చేసుకోవద్దు. మా కుటుంబం న్యూజిలాండ్ దక్షిణ ద్వీపానికి వెళ్లింది. అందుకే ఈ అధ్యాయంలో ఉదాహరణలు ఎక్కువగా అక్కడివే.

అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ మీ ఆర్‌టీఓ కార్యాలయంలోనే ఇస్తారు. హోసూరు వాళ్లకు టీఎన్ 70 కార్యాలయం, కృష్ణగిరి వాళ్లకు టీఎన్ 24. 4ఏ నమూనా దరఖాస్తు, లైసెన్సు, పాస్‌పోర్టు నకళ్లు, ఫోటోలు కావాలి. రుసుము రూ.1,000. ఒక ఏడాది చెల్లుతుంది. అది మీ లైసెన్సుకు తోడే తప్ప బదులు కాదు, కాబట్టి అసలు లైసెన్సు కార్డు కూడా జేబులో ఉండాలి. యూరప్‌లో చాలా దేశాల్లో మామూలు కారు లైసెన్సుతో 3,500 కిలోల బండి దాకానే నడపొచ్చు. బండి బరువంటే ఖాళీ బండి బరువు కాదు. నీళ్లు, సామాను, మనుషులు అన్నీ కలిపి. బుక్ చేసేముందు ఈ అంకె అడిగి రాయించుకోండి.

జూజువాడి దాటి అత్తిబెలెలోకి పోవడానికే అద్దె బండికి పర్మిట్టూ పన్నూ అడుగుతారని హోసూరులో చిన్నపిల్లలకూ తెలుసు. మూడు రాష్ట్రాల మొగదలలో బతికేవాళ్లం మనం. అదే జాగ్రత్త అక్కడా చూపించండి. అద్దె ఒప్పందంలో బండి ఏ సరిహద్దు దాటకూడదో, ఏ రోడ్డెక్కకూడదో రాసి ఉంటుంది. న్యూజిలాండ్‌లో స్కిప్పర్స్ రోడ్డు, నైంటీ మైల్ బీచ్ లాంటి చోట్లకు అద్దె బండి తీసుకెళ్తే చాలా ఒప్పందాల ప్రకారం బీమా చెల్లదు. బీమాలో చూడవలసినవి ఇంకా రెండున్నాయి: బండి పైకప్పుకూ అడుగు భాగానికీ తగిలిన దెబ్బలు, మీరు చేతి నుంచి కట్టవలసిన తొలి భాగం. చెట్టుకొమ్మ గీసుకునేది పైకప్పునే, రాయి తగిలేది అడుగునే. చాలా పాలసీల్లో ఆ రెండూ ఉండవు. ధరావతు మొత్తాన్ని డ్రైవరు పేరున్న క్రెడిట్ కార్డు మీదే ఆపి ఉంచుతారు. మన బ్యాంకుల కార్డుల్లో విదేశీ వాడకం మనం తెరిస్తేనే పనిచేస్తుంది. బయలుదేరే వారం ముందే తెరిచి, పరిమితి పెంచి, ఒక చిన్న కొనుగోలుతో సరిచూసుకోండి.

ఖర్చు లెక్కలో దినసరి అద్దె ఒక్కటే చూసి మోసపోకండి. డీజిలు, పూర్తి బీమా, రాత్రి దిగే చోటి అద్దె, ఒక ఊళ్లో తీసుకుని వేరే ఊళ్లో అప్పగిస్తే అదనపు సొమ్ము, ఓడలో దాటించే ఛార్జీ కలపాలి. న్యూజిలాండ్‌లో డీజిల్ బండికి కిలోమీటరు లెక్కన రోడ్డు పన్ను కూడా పడుతుంది. అద్దె కంపెనీ దాన్ని చివర్లో మీ ఖాతాలో వేస్తుంది.

ఆవకాయ సీసా

న్యూజిలాండ్ విమానాశ్రయంలో తిండి పదార్థమేదైనా ఉంటే పత్రంలో రాయాలి. రాయకుండా దొరికితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. రాసి చూపిస్తే జరిమానా లేదు. అధికారి చూసి పనికొచ్చేది ఇస్తాడు, కానిది తీసి పారేస్తాడు. పచ్చి కరివేపాకు, పండ్లు, మొలకెత్తే గింజలు, తేనె ఇంట్లోనే వదిలేయండి. ఆవకాయ తీసుకెళ్తే దాచకుండా రాయండి. నిజాయితీగా రాసినవాడికి అక్కడ భయపడవలసిందేమీ లేదు.

కందిపప్పు, బియ్యం, పసుపు, కారం అక్కడి పెద్ద ఊళ్ల భారతీయ అంగళ్లలో దొరుకుతాయి. కరెంటు విషయంలో మాత్రం దేశాన్ని బట్టి లెక్క మారుతుంది. న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల్లో మనలాగే 230 వోల్టులు, ప్లగ్గు పిన్నులు మాత్రం వేరు. అమెరికాలో 120 వోల్టులు, మన మిక్సీ తిరగదు. బండిలో రెండు రకాల కరెంటు ఉంటుందని చాలామందికి ముందు తెలియదు. దీపాలు, నీటి పంపు, ఫ్రిజ్ లాంటివి 12 వోల్టుల ఇంటి బ్యాటరీతో నడుస్తాయి. మైక్రోవేవ్, రైస్ కుక్కరు లాంటివి క్యాంపులో స్తంభానికి వైరు తగిలిస్తేనే పనిచేస్తాయి. అందుకే వైరు దొరకని రాత్రికి గ్యాసు మీద అయ్యే వంట అనుకుని ఉంచుకోండి.

తాలింపు వేసేటప్పుడు పైకప్పు కిటికీ తెరవండి, లేకపోతే పొగ గంట మోగి క్యాంపంతా లేస్తుంది. చలిగా ఉందని గ్యాసు స్టవ్వు వెలిగించి వదిలేసి పడుకోవడం మాత్రం ఎన్నడూ చేయొద్దు. మూసిన బండిలో కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా చంపుతుంది. ఈ ఒక్క మాటను మీ ఇంట్లో అందరికీ, ముఖ్యంగా పెద్దవాళ్లకు, రెండుసార్లు చెప్పండి.

మరుగు డబ్బా ఎవరు మోస్తారు

ఈ విషయం చాలా ప్రయాణ పుస్తకాల్లో ఒక్క వాక్యంతో దాటేస్తారు. నేను దాటేయను.

మోటార్‌హోమ్ మరుగుదొడ్డి కింద ఒక డబ్బా ఉంటుంది. చాలా బండ్లలో అది 18 లీటర్ల ప్రాంతం పడుతుంది. నలుగురుంటే రోజూ ఖాళీ చేయాలి. బండి బయటి నుంచి చిన్న తలుపు తీసి, దాన్ని లాగి, చక్రాల పెట్టెలా దొర్లించుకుంటూ డంప్ స్టేషన్ దాకా తీసుకెళ్లి, మూత తిప్పి, పారబోసి, కడిగి, మందు వేసి మళ్లీ పెట్టాలి. మూత గట్టిగా ఉంటుంది, చేతికి ఏమీ అంటదు. గ్లవుజులతో పది నిమిషాల పని.

అయినా మన ఇళ్లలో ఈ పని దగ్గరే అందరూ ఆగిపోతారు. మన దేశంలో ఈ పనిని తరతరాలుగా కొందరి నెత్తిన మాత్రమే వేశాం. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకా గట్టి చట్టం చేయవలసి వచ్చింది. ఇప్పటికీ మురుగు తొట్లలో దిగి మనుషులు చనిపోతున్నారు. అలాంటి దేశం నుంచి వెళ్లిన మనం, మన డబ్బా మనమే మోసుకెళ్లి పారబోసిన రోజు లోపల ఏదో కదులుతుంది. నాకు కదిలింది. ఆ రోజు నుంచి మా వీధిలో సెప్టిక్ ట్యాంకు లారీతో వచ్చే మనుషులను నేను పేరు పెట్టి పిలుస్తున్నాను.

కాబట్టి వంతులు వేయండి. ఇంటి యజమాని మొదటి వంతు తీసుకోవాలి. పద్నాలుగేళ్లు దాటిన పిల్లలకూ వంతు ఉండాలి. ఇల్లాలి మీద తోసేయడం, లేదా ‘నువ్వు వంట చెయ్, నేను బండి నడుపుతా’ అని చెప్పి మిగతా అన్నీ ఆమెకే వదిలేయడం అన్యాయం. హోసూరు ఇంట్లో చేసే పనే ఇంకా ఇరుకు వంటగట్టు మీద చేయించడానికి ఆమెను అంత దూరం తీసుకెళ్లారా? రెండు రోజులకోసారి వండకుండా బయట తినే రోజు పెట్టుకోండి. ఆ రోజును ముందే క్యాలెండరులో గుర్తు పెట్టండి.

న్యూజిలాండ్‌లో ఊరి బయట ఉచితంగా దిగాలంటే బండికి స్వయంసమృద్ధి ధ్రువపత్రం ఉండాలి. 2023లో వచ్చిన చట్టం ప్రకారం ఆ పత్రానికి బిగించిన మరుగుదొడ్డి తప్పనిసరి. మురుగు ఎక్కడపడితే అక్కడ వదిలితే జరిమానా. డంప్ స్టేషన్లో రెండు గొట్టాలుంటాయి. డబ్బా కడిగేది ఒకటి, తాగునీరు పట్టేది ఒకటి. వాటిని ఎన్నడూ మార్చొద్దు. మంచినీళ్ల గొట్టం మీద తాగవచ్చని రాసి ఉందో లేదో చదవండి, గొట్టం మూతి నేలకు తగలనివ్వకండి. ముందు మంచినీళ్లు పట్టి, తర్వాత మురుగు పని చేసి, చేతులు సబ్బుతో కడుక్కోండి. పత్తికొండలో మన్రోకు జరిగినదాన్ని నేను తలుచుకునేది ఇక్కడే.

రెండు వందల కిలోమీటర్లు

హోసూరు నుంచి కృష్ణగిరికి 50 కిలోమీటర్లు గంట లోపే పోయే అలవాటుతో పటం చూస్తే తప్పు లెక్క వస్తుంది. క్రైస్ట్‌చర్చ్ నుంచి టెకాపో సరస్సుకు 230 కిలోమీటర్ల లోపే. కారుకు మూడు గంటలు పడుతుంది. మోటార్‌హోమ్‌కు, మధ్యలో ఆగుతూ, నాలుగున్నర వేసుకోండి. రోజుకు 200 కిలోమీటర్లకు మించొద్దు, ఒక్కో చోట రెండు రాత్రులు ఉండాలి అన్న నియమం పెట్టుకుంటే ఆ మూడు గంటల ఇంటిపని దానంతటదే ఇముడుతుంది. టెకాపో చుట్టుపక్కల ఆకాశాన్ని 2012లో చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఒక్క రాత్రే ఉండి మబ్బు పట్టిందంటే నక్షత్రాలు చూడకుండానే వెళ్లిపోతారు. అక్కడి నుంచి 105 కిలోమీటర్ల దూరంలో 3,724 మీటర్ల అవొరాకి కొండ. అదీ అంతే, మేఘం తొలగే దాకా ఆగినవాళ్లకే కనిపిస్తుంది.

పొద్దు వాలడానికి రెండు గంటల ముందే బండి ఆపండి. వెలుతురులో చోటు చదునుగా ఉందా, పైన ఎండుకొమ్మలున్నాయా, వాన వస్తే నీరు ఎటు పోతుంది, పొద్దున బండి ఎలా బయటికి తీయాలి అన్నవి కనిపిస్తాయి. చీకట్లో ఏవీ కనిపించవు. మేము ఒకే ఒక్కసారి ఈ నియమం తప్పాం. చీకటిపడ్డాక దిగి, పందిరిగుడ్డ తెరిచి, మడవకుండా పడుకున్నాం. అర్ధరాత్రి గాలికి అది చిరిగి కడ్డీ వంగింది. ఆ ఖర్చు బీమాలో లేదు. మేమే కట్టాం.

బండి కదిలే ముందు ఆ క్లీనరు కుర్రాడిలా చుట్టూ తిరగండి. పైకిటికీలు మూశారా, మెట్టు లోపలికి పోయిందా, కరెంటు వైరు తీశారా, గ్యాసు కట్టారా, అల్మారాల గొళ్లాలు పడ్డాయా, టైర్లు ఎలా ఉన్నాయి? చూసేవాళ్లు ఇద్దరుండాలి. ఒకరు పైకి చదవాలి, ఒకరు చేత్తో తాకి చెప్పాలి. బండి ఎత్తు ఎంతో కాగితం మీద పెద్ద అంకెలతో రాసి అద్దం దగ్గర అంటించండి. పెట్రోలు బంకు కప్పు, హోటలు ముందరి రేకులు, చెట్ల కొమ్మలు, అన్నిటి దగ్గరా ఆ అంకె చూసుకోవాలి. నడుస్తున్న బండిలో పడక మీద ఎవరూ పడుకోకూడదు. అందరూ బెల్టు పెట్టుకుని కూర్చోవాలి. న్యూజిలాండ్‌లో ఏడేళ్ల లోపు పిల్లలకు తగిన పిల్లల సీటు చట్టం ప్రకారం తప్పనిసరి.

కనుమ దిగేటప్పుడు ఏం చేయాలో మన వాళ్లకు తొప్పూరు నేర్పింది. ధర్మపురికీ సేలానికీ నడుమ ఆ దిగుడులో బ్రేకు మీదే కాలు పెట్టి దిగిన లారీలు ఎన్ని బోల్తా పడ్డాయో ఆ దారిలో తిరిగేవాళ్లందరికీ తెలుసు. బ్రేకు వేడెక్కితే పట్టదు. ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగాలి. ఆటోమేటిక్ బండైనా తక్కువ గేరుకు దింపే వీలుంటుంది, దాన్ని బండి తీసుకున్న రోజే అడిగి తెలుసుకోండి. వనాకా, క్వీన్స్‌టౌన్ల నడుమ క్రౌన్ రేంజ్ రోడ్డు 1,076 మీటర్లకు ఎక్కుతుంది. తొప్పూరులో నేర్చిన పద్ధతి అక్కడా పనికొస్తుంది. భయంగా ఉంటే క్రామ్‌వెల్ మీదుగా చుట్టుదారి పట్టండి. చుట్టు తిరగడం తప్పేమీ కాదు.

ఒంటివరస వంతెనలు అక్కడ చాలా ఉంటాయి. మీ వైపు బాణం ఎర్రగా, చిన్నగా ఉంటే ఆగి ఎదుటివాళ్లకు దారివ్వాలి. వెనక కార్లు పేరుకుంటే చోటు చూసి పక్కకు తీసి వాటిని పోనివ్వాలి. నాలుగు భాషల ఊళ్లో పెరిగి, ఎదుటివాడి భాషలో రెండు మాటలు మాట్లాడి పని నడిపించుకునే హోసూరు వాళ్లకు ఈ మర్యాద కొత్తేమీ కాదు.

పెద్దవాళ్లు వెంట ఉంటే

కొడుకో కూతురో అమెరికాలో ఉండి, వేసవిలో అమ్మానాన్నలను పిలిపించుకుని మోటార్‌హోమ్‌లో యెల్లోస్టోన్ తీసుకెళ్లడం ఇప్పుడు మన ఇళ్లలో మామూలైంది. వాళ్లకు రెండు మాటలు. డ్రైవరు సీటు మీది అటక పడక పెద్దవాళ్లకు ఇవ్వొద్దు. రాత్రి లేచినప్పుడు నిచ్చెన దిగుతూ పడితే ప్రయాణం ఆసుపత్రిలో ముగుస్తుంది. దిగువ పడక, మరుగుదొడ్డికి దగ్గరగా, చిన్న దీపంతో ఇవ్వండి. రెండోది, యెల్లోస్టోన్‌లో కరెంటు, నీళ్లు, మురుగు మూడూ ఉన్న క్యాంపు ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే. ఎలుగుబంట్ల వల్ల అక్కడికి గట్టి గోడల బండ్లనే రానిస్తారు, గుడ్డ గోడల బండ్లు కుదరవు. చాలా నెలల ముందే చోటు పట్టుకోవాలి.

ప్రయాణ ఆరోగ్య బీమా లేకుండా పెద్దవాళ్లను తీసుకెళ్లకండి. న్యూజిలాండ్‌లో ప్రమాదంలో దెబ్బ తగిలితే అక్కడి ఏసీసీ పథకం సందర్శకుల చికిత్సకూ సాయపడుతుంది. జ్వరానికీ గుండెనొప్పికీ అది వర్తించదు. అత్యవసర నంబర్లు కూడా బండి ఎత్తు రాసిన కాగితం మీదే రాయండి: న్యూజిలాండ్‌లో 111, ఆస్ట్రేలియాలో 000, అమెరికాలో 911, యూరప్‌లో 112.

మొదటి రాత్రి

బెంగళూరు విమానాశ్రయం హోసూరుకు నగరం అవతలి వైపు ఉంది. ఇంట్లో బయలుదేరి నగరం దాటి, విమానాలు మారి క్రైస్ట్‌చర్చ్‌లో దిగేసరికి ఒక రోజు పైనే గడిచిపోతుంది. అక్కడి వేసవిలో పొద్దున 7 గంటలంటే మన ఒంటికి ముందురోజు రాత్రి 11:30. నిద్ర పట్టవలసిన వేళకు మూడున్నర టన్నుల బండి తాళాలు చేతికొస్తాయి. ఆ రోజు తీసుకోకండి. హోటల్లో పడుకుని మర్నాడు పది గంటలకు వెళ్లండి. బండి అప్పగించేవాళ్లు గంటసేపు చూపిస్తారు, దాన్ని ఫోనులో వీడియో తీసుకోండి. గీతలు, సొట్టలు అన్నీ ఫోటో తీయండి. మొదటి రాత్రి ఊరు దాటకుండా దగ్గరి క్యాంపులోనే దిగి, అన్ని స్విచ్చులూ ఒకసారి వేసి చూడండి.

బండిలో ఒక నోటుపుస్తకం ఉంచండి. రోజూ రాత్రి ఏ మజిలీలో నీళ్లు బాగున్నాయి, ఏ క్యాంపులో చోటు చదునుగా ఉంది, ఏ ఊళ్లో కందిపప్పు దొరికింది, ఏ కనుమలో గాలి ఎక్కువ అన్నది తెలుగులో రాయండి. తిరిగి వచ్చాక దాన్ని బీరువాలో పెట్టకండి. తర్వాత వెళ్లే హోసూరు కుటుంబానికో, కృష్ణగిరి కుటుంబానికో ఇవ్వండి.